అపెండ్‌తో చేర్చిన కొత్త వరుసల్లో క్లిక్ పనిచేయడం లేదు (కాష్ లైబ్రరీ)

ప్రశ్న:
పనుల జాబితా ఉన్న ఒక పేజీ చేస్తున్నాను. పేజీని జావాస్క్రిప్ట్‌తో మార్చడానికి వాడే జేక్వెరీ లైబ్రరీ బదులు, అలాంటిదే అయిన కాష్ (Cash) వాడుతున్నాను, జిజిప్‌తో కుదించాక సుమారు 6 కేబీయే కాబట్టి. పేజీతో పాటు వచ్చిన వరుసల్లో తొలగించే బటన్ పనిచేస్తోంది. తర్వాత అపెండ్ (జాబితా చివర కొత్తది చేర్చే మెథడ్)తో చేర్చిన వరుసల్లో మాత్రం ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు, కన్సోల్‌లో ఎర్రర్ కూడా రాదు. $('.తొలగించు') అని ఎంచుకుని, ఆన్ మెథడ్‌తో క్లిక్ లిజనర్ (నొక్కినప్పుడు నడిచే ఫంక్షన్) పెట్టాను. ఇంకోటి, వరుసని మెల్లగా మాయం చేద్దామని ఫేడ్‌అవుట్ పిలిస్తే అది ఫంక్షన్ కాదని టైప్‌ఎర్రర్ వస్తోంది. లైబ్రరీ మార్చెయ్యాలా?

జవాబు 1:
మార్చక్కర్లేదండీ, జేక్వెరీలోనూ క్లిక్ సంగతి ఇంతే. ఆన్ పిలిచిన క్షణానికి పేజీలో ఉన్న బటన్లకే లిజనర్ తగులుతుంది. జాబితానే ఎంచుకోండి: $('#జాబితా'). ఆన్‌కి మూడు ఆర్గ్యుమెంట్లు ఇవ్వండి: ముందు క్లిక్, తర్వాత '.తొలగించు' సెలెక్టర్ (ఏ ఎలిమెంట్లు కావాలో చెప్పేది), చివర ఫంక్షన్. ఏ బటన్ నొక్కినా ఈవెంట్ పైకి ఎగబాకి జాబితాకి చేరుతుంది, లైబ్రరీ అక్కడ సెలెక్టర్‌తో పోల్చి చూస్తుంది. వరుస చేర్చిన ప్రతిసారీ అన్ని బటన్లకీ మళ్ళీ ఆన్ పిలవడం మాత్రం వద్దు. పాత బటన్లకి రెండేసి, మూడేసి లిజనర్లు పడతాయి.

లిజనర్ లేని బటన్ నొక్కితే ఎర్రర్ రాదు. అలాగే సెలెక్టర్‌కి ఏదీ దొరక్కపోయినా ఈ లైబ్రరీలు ఖాళీ కలెక్షన్ ఇచ్చి ఊరుకుంటాయి. అనుమానం వస్తే ముందు లెంగ్త్ చూడండి. సున్నా వస్తే స్క్రిప్ట్ ట్యాగ్‌లో డిఫర్ (పేజీ చదవడం పూర్తయ్యాకే స్క్రిప్ట్ నడపమనేది) ఉందో లేదో చూసుకోండి.

జవాబు 2:
పైదానికి తోడు: ఫంక్షన్‌ని యారో (=>) రూపంలో రాస్తే లోపల దిస్ అంటే బటన్ కాదు. మామూలు ఫంక్షన్ రాయండి, లేదా ఈవెంట్‌లోని కరెంట్‌టార్గెట్ తీసుకోండి. టార్గెట్ వాడితే, బటన్ లోపలి ఐకాన్ మీద నొక్కినప్పుడు ఐకానే చేతికొస్తుంది. అక్కడి నుంచి క్లోజెస్ట్‌తో వరుసని పట్టుకోవచ్చు.

కాష్‌లో యానిమేషన్లు లేవు, సైజు తగ్గింది అందుకే. వరుసకి ఒక క్లాస్ తగిలించి, సీఎస్ఎస్‌లో ఒపాసిటీకి 0.2 సెకన్ల ట్రాన్సిషన్ పెట్టండి. అది ముగిసిందని చెప్పే ట్రాన్సిషన్‌ఎండ్ ఈవెంట్ వచ్చాక రిమూవ్ చెయ్యండి. ఇక్కడ జాగ్రత్త! ఆ ఈవెంట్ కూడా పైకి ఎగబాకుతుంది. బటన్ మీది హోవర్ రంగు మారడం ముగిసినా వరుస మాయమైపోవచ్చు. టార్గెట్ ఆ వరుసేనా అని సరిచూడండి. ట్రాన్సిషన్ వ్యవధి సున్నా అయితే ఈవెంట్ అసలు రాదు, వరుస కనబడకుండా అక్కడే ఉండిపోతుంది. అందుకే 250 మిల్లీసెకన్ల తర్వాత వరుసని తీసేసే సెట్‌టైమౌట్ ఒకటి తోడుంచడం మేలు.

ప్రశ్న అడిగినవారు:
క్లిక్ కుదిరింది, ధన్యవాదాలు. కానీ సర్వర్ నుంచి వచ్చిన హెచ్‌టీఎంఎల్‌తో జాబితాని రీప్లేస్‌విత్ చేస్తే మళ్ళీ పోతోంది.

జవాబు 1:
లిజనర్ ఉన్న జాబితానే తీసేశారు కదండీ, దానితోపాటే అదీ పోయింది. జాబితా ఎలిమెంట్‌ని ఉంచి, లోపలి వరుసల్నే హెచ్‌టీఎంఎల్ మెథడ్‌తో మార్చండి. లేదంటే ఎప్పటికీ మారని బయటి డివ్‌కి లిజనర్ పెట్టండి.

జవాబు 3:
వరుసల్లో వాడుకరి టైప్ చేసిన మాటలుంటే వాటిని హెచ్‌టీఎంఎల్ స్ట్రింగ్‌లో కలపకండి. ఎవరైనా అందులో ఇమేజ్ ట్యాగ్, ఆన్‌ఎర్రర్ (బొమ్మ రాకపోతే నడిచే కోడ్) రాస్తే ఆ కోడ్ మీ పేజీలో నడుస్తుంది. ఖాళీ వరుస తయారుచేసి, మాటల్ని టెక్స్ట్ మెథడ్‌తో పెట్టండి.