పగలు పాలు తాగని పాప రాత్రి నిద్రమత్తులో తాగుతోంది, నా టెన్షన్ వల్లేనా?

పాపకు 11 వారాలు. పుట్టినప్పుడు 2.8 కిలోలు, ఇప్పుడు 4.6. తల్లిపాలే ఇస్తున్నా. రెండు వారాలుగా పగలు రొమ్ము దగ్గరికి తీసుకుంటే చాలు, వెనక్కి విరుచుకుని ఏడుస్తోంది. రెండు మూడు నిమిషాలు తాగి వదిలేస్తుంది. సాయంత్రం 5 నుంచి 8 వరకు అసలు పట్టదు. అదే తెల్లవారుజామున 2 గంటలకు నిద్రలో పావుగంట హాయిగా తాగుతుంది!

పిల్లల డాక్టర్ నోట్లో పూత, నాలుక కింద తీగ, చెవులు అన్నీ చూసి ఏమీ లేదన్నారు. మూత్రం రోజుకు ఆరేడు సార్లు పోస్తోంది.

ఇక నా సంగతి. పాలిచ్చే టైమ్ దగ్గర పడుతుంటే గుండె దడ, భుజాలు బిగుసుకుపోతాయి, పాలు చేపుకు రావడానికి చాలాసేపు పడుతుంది. పాప పడుకున్నా నాకు నిద్ర రాదు. గైనకాలజిస్ట్ ఎడిన్‌బరో ప్రశ్నాపత్రం (కాన్పు తర్వాత తల్లిలో కుంగుబాటు, ఆందోళన ఉన్నాయేమో చూసేది, ఎక్కువ మార్కులు వస్తే ఎక్కువ ఇబ్బంది అని) నింపించారు, 30కి 14 వచ్చింది. వచ్చే వారం నుంచి కౌన్సెలింగ్.

చీకటి గదిలో పట్టడం, పక్కకు తిరిగి పడుకుని పట్టడం, ముందు కాస్త పిండి, పాలు వచ్చాక పట్టడం, మధ్యలో తేన్పు తీయించడం, అన్నీ చేశాను. పిండిన పాలు ఉగ్గుగిన్నెతో పోస్తే నాలుకతో తోసేస్తోంది. పాలు చాలట్లేదు, డబ్బా పాలు మొదలుపెట్టమని అత్తయ్య అంటున్నారు. పిండితే 90 మి.లీ. దాకా వస్తున్నాయి మరి, నాకైతే ఆ మాట మీద నమ్మకం కుదరడం లేదు.

ఇలాంటి పరిస్థితిలో కౌన్సెలింగో మందులో తీసుకున్న తల్లులు చెప్పండి: మీ ఆందోళన తగ్గాక బిడ్డ పగలు తాగడం దానంతటదే కుదురుకుందా, లేక బిడ్డకు విడిగా ఏదైనా చేయాల్సి వచ్చిందా?