తప్పితిమా, తప్పితివా?

ఒంగోలు అక్క: ఒక వాక్యం రెండు రోజులుగా నన్ను వదలట్లేదు. బాబాయి గుడికి, అంటే చర్చికి, రావడం మానేసిన ఏడాది, కుటుంబ ప్రార్థనలో నానమ్మ "గొఱ్ఱెలవలె త్రోవ తప్పితివి" అని ఆయన వైపు చూసి మరీ చదివేది. నిన్న ఫోన్లో బైబిలు తెరిచి యెషయా 53:6 తీస్తే "మనమందరము" అని మొదలైంది. చివర 'వి'కి కొమ్ము తగిలించి "తప్పితివిు" అని ఉంది. ఇది టైపు తప్పా, నానమ్మ తప్పా?

పాతపుస్తకాల పిచ్చి: ఎవరి తప్పూ కాదు. అది 'మి'. పాత అచ్చులో 'మి' అలాగే ఉండేది, 'మీ' అయితే 'విూ'. కంప్యూటరెక్కించినవాళ్ళు కంటికి కనిపించింది కనిపించినట్టు కొట్టారు. "మనము"కి "తప్పితివి" ఎక్కడైనా అతుకుతుందా?

రిటైర్డు మాస్టారు: అతకదు. ఎదురుగా కొడుకు కూర్చున్నాడు కాబట్టి ఆవిడ కొమ్ము మింగేశారు! నా పేచీ వేరే. నూరు గొర్రెల్లో ఒకటి తప్పిపోతే కాపరి తొంభైతొమ్మిదింటిని విడిచి వెదకబోయే కథ ఉంది కదా, మత్తయి 18లోనూ లూకా 15లోనూ మనకి అక్కడ ఒకటే "తప్పిపోయిన". గ్రీకులో మత్తయిది 'ప్లనావో', దారి తప్పి తిరగడం. లూకాది 'అపొల్లుమి', అక్కడ కాపరే పోగొట్టుకున్నాడు. పైగా లూకాలో వింటున్నది సణిగే పరిసయ్యులు (నిష్ఠగల యూదు మతస్థులు), మత్తయిలో శిష్యులు. అంటే సంఘంలోవాళ్ళకి చెప్పిన మాట మత్తయిది. యాకోబు 5:19లో అదే క్రియకి "తొలగిపోయినప్పుడు" అన్నారు. మత్తయిలో ఎందుకు అనలేదు?

గొర్రెలోళ్ళ పిలగాడు: గొర్రె కావాలని తొలగది సార్. తల దించి మేసుకుంట పోతది, తల లేపేసరికి మంద ఉండది. మా నాయిన మసకచీకట్ల కంచెల నిలబడి ఒక్క కేక పెట్టి ఆగేటోడు. మళ్ళ కేక, మళ్ళ ఆగుడు. అది అరిస్తదేమో వినాలె గద. మిగిలినయాటిని చిన్నాయిన దొడ్డికి మలిపేటోడు. తొంబైతొమ్మిదింటిని గుట్టమీద ఇడిచిపోవుడు మా నాయినకు ఎన్నడు మింగుడు పడలే. ఇంకోటి, యెహెజ్కేలు 34:16ల "తోలుకొని వచ్చెదను" అంటడు. మా పాలమూరుల మనుషుల్ని గూడ తోల్కరా అనే అంటం.

వినుకొండవాసి: మా వైపు మనిషిని తోలుకురా అంటే తన్నులే. అయినా అసలు మాట దాని ముందుంది, "తోలివేసిన దానిని". తప్పిపోయింది వేరు, మనం తోలేసింది వేరు. మా ఊళ్ళో పుట్టిన జాషువాకి ఇది ఒకరు చెప్పాలా? ఆయన 'గబ్బిలం' కావ్యంలో గుడి లోపలికి రానివ్వని మనిషి గబ్బిలంతో కబురంపుకున్నాడు. క్రీస్తు చరిత్రకి 1964లో అకాడమీ అవార్డు వచ్చినా నా ఓటు గబ్బిలానికే.

రిటైర్డు మాస్టారు: జాషువా దాకా వెళ్ళాక పోతన ఊరుకుంటాడా! సిరికింజెప్పడు... కాపరి పరుగూ అదే పరుగు.

పాతపుస్తకాల పిచ్చి: ఏనుగు పిలిచింది మాస్టారూ. గొర్రె పిలవలేదు.

రిటైర్డు మాస్టారు: కీర్తన 119 ఆఖరి చరణం చూడండి. "తప్పిపోయిన గొఱ్ఱెవలె నేను త్రోవవిడిచి తిరిగితిని, నీ సేవకుని వెదకి పట్టుకొనుము." పిలుపు కాక ఏమిటది?

పాతపుస్తకాల పిచ్చి: గొఱ్ఱె"వలె". పిలిచింది మనిషి, గొర్రె ఉపమానమే.

వినుకొండవాసి: గలతీ 6:1 ఎవరూ ఎత్తలేదేం? "తప్పితములోనైనను చిక్కుకొనినయెడల" అన్నాక, దారికి తెచ్చేవాడు "తానును శోధింపబడుదునేమో" అని చూసుకోవాలట. అక్క నానమ్మ మింగిన కొమ్ము అక్కడ తేలింది. ఇంతకీ "తప్పితము" ఇంకెక్కడైనా విన్నారా? మేం తప్పిదమే అంటాం.

ఒంగోలు అక్క: అటక మీంచి నానమ్మ పుస్తకం దించాను. వేలు పెట్టి చదివేది కదా, ఆ వరసంతా నూనె మరక. కొమ్ము ఉందో లేదో తెలియట్లేదు. ఫొటో పెడుతున్నా.

గొర్రెలోళ్ళ పిలగాడు: అక్కా, మీ బాబాయి మళ్ళ వచ్చిండా?

ఒంగోలు అక్క: గుడికి రాలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక నానమ్మే ఆయనింటికి వెళ్ళేది, క్యారేజీ పట్టుకుని. అక్కడ ఈ వాక్యం చదివినట్టు గుర్తులేదు.

పాతపుస్తకాల పిచ్చి: ఫొటోలో శకటరేఫం, అదే 'ఱ', ఎంత బాగుంది! ముద్రణ సంవత్సరం ఉండే పేజీ కూడా తీయండి.