డబుల్ డిస్క్ కోర్ట్: కుడి పక్క నుంచి గాలి కొడితే ఎలా విసరాలి?

చెన్నై ఇలియట్స్ బీచ్‌లో మేం నలుగురం, ఇద్దరిద్దరం జట్లుగా డబుల్ డిస్క్ కోర్ట్ ఆడుతున్నాం. రెండు ఫ్రిస్బీలతో, అంటే విసిరే పళ్లేల్లాంటి డిస్కులతో, అవతలి జట్టు కోర్టులో పడేలా విసిరే ఆట ఇది. 13 మీటర్ల చదరపు కోర్టులు రెండు, మధ్యలో 17 మీటర్ల ఖాళీ, అంతా కొలిచే తాళ్లు పరిచాం. కోర్టులు ఒడ్డు వెంబడి ఉత్తర దక్షిణాలుగా ఉంటాయి. డిస్కులు 110 గ్రాములవి.

సాయంత్రం సముద్రపు గాలి మొదలయ్యాక దక్షిణం కోర్టులో ఉన్నప్పుడే చిక్కు. సముద్రం నా కుడివైపు. కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్ వేస్తాను. డిస్క్ బాగానే వెళ్తుంది, వేగం తగ్గగానే ఎడమ అంచు వాలుతుంది, గాలి అడుగున దూరి గొడుగులా ఎత్తుకుపోతుంది. పడేది కోర్టు బయట, రోడ్డు వైపు. పాయింటు వాళ్లకి. ఉత్తరం కోర్టు నుంచి ఈ బాధ లేదు, పొద్దున్నే ఆడితే అసలు లేదు.

అల్టిమేట్ అనే ఇంకో ఫ్రిస్బీ ఆటలో వాడే 175 గ్రాముల డిస్కుతో కొట్టుకుపోవడం తగ్గింది గానీ చేతులు వాచిపోతున్నాయి. స్పిన్ పెంచితే కాస్త నయం. కుడి అంచు దించి వేస్తే కోర్టులోనే పడుతోంది, కానీ నిటారుగా దిగి దొర్లిపోతోంది. నేలకి 30 డిగ్రీల వాలు దాటి దిగితే అవుట్ కదా! "కిందగా వెయ్యి బావా" అంటాడు నా జోడీ. ఎత్తుగా తేలకపోతే రెండు డిస్కులూ వాళ్లకి ఒకేసారి తగిలేలా చేసి రెండు పాయింట్లు కొట్టేదెలా? కోర్టులు తూర్పు పడమరలకి తిప్పితే ఎదురుగాలి, అది ఇంకో తలనొప్పి.

గాలిలో ఆడి అలవాటున్నవాళ్లు చెప్పండి: ఎత్తుగా వేసిన డిస్క్ చదునుగా దిగాలంటే బ్యాక్‌హ్యాండ్‌లోనే అంచు వంపు సర్దుకుంటే చాలా, ఫోర్‌హ్యాండ్‌కి మారాలా?