సమస్య: కడలి యెండిపోయెఁ గనుల ముందె

నిర్వాహకుడు: ఈ వారం ఇచ్చింది ఆటవెలది పద్యంలో నాలుగో పాదం, ముందు మూడు పాదాలూ రాసి మీరు పూరించాలి. రంగం ఒక సముద్రపు ఊరు, సెలవురోజు. కాస్త ఇంటిపని, కాస్త బయటిపని, తర్వాత ఊరికే తిరుగుడు. పద్యంలో వీటిలో ఏదో ఒకటి కనిపించాలి. కన్నీటి సముద్రాలూ, అగస్త్యుడి పుక్కిళ్లూ వద్దు, అవి అందరం చదివేశాం. కొత్తవాళ్ల కోసం: 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. గురువు అంటే దీర్ఘంగా పలికే అక్షరం, లఘువు అంటే పొట్టిగా పలికేది. గురువు, లఘువు గానీ మూడు లఘువులు గానీ అయితే సూర్యగణం. ఇంద్రగణాలు మూడు నాలుగు అక్షరాలవి, కాస్త పెద్దవి. నాలుగో గణం మొదట యతి, అంటే ఆ అక్షరం పాదం మొదటి అక్షరంతో ధ్వనిలో కలవాలి.

తీరవాసి:
ఉత్తరమును వేసి యూరెల్లఁ దిరిగితి
చెప్పు తెగినఁ గుట్టఁజేసికొంటి
అలసి కునుకు తీయ నచటఁ గలను గంటి
కడలి యెండిపోయెఁ గనుల ముందె

నిర్వాహకుడు: గణాలు, యతి అన్నీ సరే. కానీ కల అన్నారు చూడండి, అక్కడ పేచీ. కలలో ఏనుగు ఎగురుతుంది, ఎలుక ఏనుగుని మింగుతుంది. ఏ సమస్యకైనా ఈ తాళంచెవి పడుతుంది, అందుకే మార్కులు తక్కువ. చెప్పు తెగడం మాత్రం నాకు చాలా నచ్చింది. ఊరు తిరిగినవాడికే తోచే పాదం అది.

తీరవాసి: నిజంగానే తెగిందండీ. మిగతాది కల్పితం.

ఇసుకగూడు:
అలకుఁ దడిసినట్టి యంగి యారఁగ వేయ
నెండ తగిలి నీర మెగిరిపోయె
నుప్పుచార మిగిలె నొక్క గుర్తదె చాలు
కడలి యెండిపోయెఁ గనుల ముందె

లంగరు: భలే! సముద్రాన్ని బట్టలతీగ మీదికి ఎక్కించారు. అంగి మీద ఆ తెల్లటి చార, అంచు దగ్గర కాస్త గరగర, నేనూ చూశాను. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అంగి అరలీటరు పీల్చిందనుకుంటే సుమారు 17.5 గ్రాములు తీగ మీదే ఉండిపోయినట్టు.

నిర్వాహకుడు: 'నీరము' బదులు తేలికమాట దొరికితే బాగుండేది, చుట్టూ అన్నీ వాడుకమాటలే కదా. ఇంకో చిక్కు. ఆ ఉప్పు గాలిలోని చెమ్మని పీల్చుకుంటుంది. మంచినీళ్లలో జాడించకుండా వదిలేస్తే సాయంత్రానికి అంగి మళ్లీ చెమ్మగిల్లుతుంది. మీ కడలి పూర్తిగా ఎండలేదు!

ఇసుకగూడు: జాడించే ఓపిక ఉంటే పద్యం ఎందుకు రాస్తానండీ.

నత్తగుల్ల:
చిన్ని గుంత తీసి చెంబుతో నింపుచు
సంద్ర మిదియె యనుచు సంతసించి
నవ్వుచున్న పాప నయనాలు చెమరించె
కడలి యెండిపోయెఁ గనుల ముందె

నిర్వాహకుడు: ఇప్పటిదాకా వచ్చినవాటిలో నా ఓటు దీనికే. ఇసుక తాగేసిందని ఎక్కడా చెప్పలేదు, అయినా గుంతలోకి నీళ్లు ఇంకిపోవడం కనబడుతోంది. అవి ఇంకిపోయేసరికి ఇక్కడ కళ్లు చెమ్మగిల్లాయి. కన్నీళ్లు వద్దన్నది నేనే, ఒప్పుకుంటున్నా. పోతే నింపుచు, అనుచు, నవ్వుచు అని మూడు 'చు'లు వరుసగా పడ్డాయి.

లంగరు: మొదటి పాదం 'చిన్ని గుంత తీసి చెంబు నీళ్లను నింపి' అంటే? ఒక 'చు' తగ్గుతుంది, నీళ్లు కూడా కనబడతాయి.

నత్తగుల్ల: తీసుకున్నా. ఆ పాప మా పక్కింటి పిల్ల. కూరల సంచీ అక్కడే పెట్టి ఆరు చెంబులు నేనే మోశాను.

లంగరు: నాదీ ఒకటి.
ఉదయమందుఁ జూడ నొడ్డు తాకిన నీరు
పనులు తీరునంతఁ బారిపోయె
పీతలాడుచుండెఁ బెద్ద రాళ్ల నడుమ
కడలి యెండిపోయెఁ గనుల ముందె

నిర్వాహకుడు: ఆటుపోట్లు ఎవరో ఒకరు తెస్తారని తెలుసు. చాలా తీరాల్లో పోటుకీ పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. పొద్దున్న 6కి నిండు పోటైతే నీరు బాగా వెనక్కి తగ్గేది పన్నెండు దాటాకే. ఆరు గంటల ఇంటిపనా! పున్నమికీ అమావాస్యకీ ఆటు ఇంకా దూరం పోతుంది కాబట్టి 'పున్నమి దినమందుఁ బొంగి తాఁకిన నీరు' అని చూడండి.

లంగరు: ఏం తాకిందో తెలియట్లేదు కదా అందులో. పైగా ఉదయం పోతే పనుల లెక్క పోతుంది. నాదే ఉంచుతా. రెండు రోజుల బట్టలు, వంటిల్లు కడగడం, పైన అటక. ఆరు గంటలు చాల్లేదు.

ఇసుకగూడు: రాళ్ల మధ్య పీతలున్నాయంటే అక్కడ మడుగులున్నట్టే. మరి మీ కడలి మాత్రం ఎండిందా?

లంగరు: అంగి ఎండలేదని నిర్వాహకుడు అన్నదానికి కక్ష నా మీద తీర్చుకున్నారు. బాగుంది.

గులకరాయి: నేను కొత్త. ఒక్క పాదమే వచ్చింది, తప్పుంటే చెప్పండి. 'దీపస్తంభ మెక్కి తీరంబుఁ జూడగా'. లైట్‌హౌస్ ఎక్కి దిగాక రాశాను.

నిర్వాహకుడు: యతి కుదిరింది, చివరి నాలుగు గణాలూ కుదిరాయి. మొదటి గణం దగ్గరే దెబ్బ. 'దీప' ఒక్కటే అయితే గురువు, లఘువు. మీరు దాని వెనకాల 'స్తం' అనే సంయుక్తాక్షరం పెట్టారు, దాంతో దాని ముందున్న 'ప' కూడా గురువైంది. రెండు గురువులు సూర్యగణం కావు. ఈ తప్పు నేను ఏళ్లపాటు చేశాను. 'మెట్లు వంద యెక్కి మీఁది నుండియుఁ జూడ' అని మొదలుపెట్టి ముందుకు వెళ్లండి.

గులకరాయి: మెట్లు లెక్కపెట్టలేదండీ. వంద అనొచ్చా?

నిర్వాహకుడు: కాళ్లు నొప్పెడుతున్నాయా?

గులకరాయి: బాగా.

నిర్వాహకుడు: అయితే అనేయండి.