ఉన్న తీగలోనే ఇంకాస్త కరెంటు పంపలేమా?

మిర్చియార్డ్_గుంటూరు: మాది కోల్డ్ స్టోరేజీ. 2013 ఎండల్లో ఓపెన్ యాక్సెస్‌లో, అంటే డిస్కమ్‌ను కాదని బయటి నుంచి నేరుగా, పవర్ ఎక్స్‌ఛేంజ్ అనే కరెంటు బజార్లో కొన్నాం. నార్త్‌లో చవగ్గా దొరికే యూనిట్ సౌత్‌కొచ్చేసరికి మండిపోయేది. ఇదేంటంటే "కారిడార్ లేదండీ", అంటే మోసుకొచ్చే లైన్లలో ఖాళీ లేదు, అనేవాళ్లు. నా మాట ఒకటే: కొత్త లైన్లు వేయండి. ఉన్న లైన్లలోనే ఎక్కువ పవర్ పంపడానికి పెట్టే ఈ ఫ్యాక్ట్స్ పరికరాలన్నీ అతుకుల బొంతలు. కాదనేవాళ్లు చెప్పండి.

ట్రిపుల్‌ఈ_బెజవాడ: నేనంటాను అన్నా. లైనులో ఎంత పవర్ పోతుందనేది రెండు చివర్ల వోల్టేజీ, వాటి మధ్య కోణం (ఒకదాని అల ఇంకోదానికంటే ఎంత వెనకబడిందో), లైను రియాక్టెన్స్ (ఏసీ కరెంటుకు లైను పెట్టే అడ్డు) తేలుస్తాయి. లైనుకు వరసలో కలిపే సిరీస్ కెపాసిటర్‌తో రియాక్టెన్స్ 40 శాతం తగ్గిస్తే, అదే కోణంలో 1.67 రెట్లు పోతుంది. ఎవరి పొలమూ ముట్టుకోనక్కర్లేదు.

రిటైర్డ్_ఏడీఈ: బాబూ, లెక్క కరెక్టే. ఆ 1.67 రెట్లు తీగ మోయాలిగా? రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండింటికి ఇబ్రహీంపట్నం వైపు లైను కింద నిలబడి చూడు. పొద్దుటికంటే తీగ ఎంత కిందికి జారిందో కంటికే తెలుస్తుంది. ఊళ్లో ఏసీలన్నీ ఆడేదీ అప్పుడే. పొట్టి 220 కేవీ లైన్లకు అడ్డం వేడి. అక్కడ కెపాసిటర్ దండగ, తీగ మార్చాలి. పాత ఏసీఎస్‌ఆర్‌ను, అంటే ఉక్కు నడుమ ఉన్న అల్యూమినియం తీగను, 85 డిగ్రీల దగ్గర ఆపేయాలి. ఎక్కువ వేడిని తట్టుకునే హెచ్‌టీఎల్‌ఎస్ తీగ 150 డిగ్రీల్లోనూ అంతగా జారదు. అవే టవర్ల మీద దాదాపు రెట్టింపు కరెంటు. కాకపోతే కరెంటు రెట్టింపైతే లైను నష్టం నాలుగింతలు, అది మరిచిపోకండి.

వందల కిలోమీటర్ల 400 కేవీ లైను కథ వేరు. వేడెక్కేలోపే వోల్టేజీ దగ్గరో స్టెబిలిటీ (జనరేటర్లన్నీ ఒకే లయలో నిలవడం) దగ్గరో ఆగిపోతుంది. నీ కెపాసిటర్ అక్కడ పెట్టు. అదీ థర్మల్ స్టేషన్‌కి దగ్గరైతే సబ్‌సింక్రనస్ రెజొనెన్స్‌తో, అంటే కెపాసిటర్ ఊపూ షాఫ్ట్ ఊపూ ఒకదాన్నొకటి పెంచుకోవడంతో, టర్బైన్ షాఫ్ట్‌కే ముప్పు. చదివావా?

ట్రిపుల్‌ఈ_బెజవాడ: చదివాను సార్. టీసీఎస్‌సీ, అంటే థైరిస్టర్లతో అదుపు చేసే సిరీస్ కెపాసిటర్, పెడితే దాన్ని అణచొచ్చనీ చదివాను.

మిర్చియార్డ్_గుంటూరు: మరి 2013 డిసెంబరు 31న సౌత్ గ్రిడ్‌ని దేశంతో ఒకే ఫ్రీక్వెన్సీలో కలిపింది రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైనే కదా? కెపాసిటర్ కాదుగా?

రిటైర్డ్_ఏడీఈ: ఒప్పుకున్నాను. కానీ లైను మోయగలిగినదంతా అమ్మకానికి పెట్టరు. ఒక లైను పడిపోయినా మిగతావి తట్టుకోవాలి, ఎన్ మైనస్ 1 అంటాం. మొత్తం సామర్థ్యంలో రిలయబిలిటీ మార్జిన్ (భద్రత కోసం వదిలేది) పోగా మిగిలింది ఏటీసీ, అంటే వాడుకోదగ్గ సామర్థ్యం. అందులోనూ ముందే ఇచ్చేసిన ఒప్పందాలు పోగా మిగిలిందే మీలాంటివాళ్లకి. పైగా కరెంటు మీ అగ్రిమెంటు చదవదు, అడ్డు తక్కువున్న దారిన ఎక్కువ పోతుంది. మీరు కొన్నది ఇంకెవరి లైన్నో నింపుతుంది. ఆ ఖర్చు ఎవరి నెత్తినన్నదే అసలు పేచీ.

తాడికొండ_రైతు: టవర్ దిగేది మా చేలో అండీ. 2024 జూన్ కేంద్ర మార్గదర్శకాల్లో టవర్ దిగిన జాగాకు భూమి విలువలో 200 శాతం, తీగల కింద జాగాకు 30 శాతం అన్నారు. ఏ విలువ? మా దగ్గర రిజిస్ట్రేషన్ విలువకీ బజారు ధరకీ పొంతనుండదు. ముందు తీగ మార్చండి, చాలకపోతే అప్పుడు మా గట్టు మీదకి రండి.

మిర్చియార్డ్_గుంటూరు: తీగ మార్చాలంటే లైను ఆపాలి కదా? ఏప్రిల్లో ఆపితే ఛాంబర్లలో మిర్చి టిక్కీలు (బస్తాలు) ఏం కావాలి?

రిటైర్డ్_ఏడీఈ: ఎండాకాలంలో షట్‌డౌన్ ఎవరిస్తారు నాయనా. జనవరిలో అయితే?

మిర్చియార్డ్_గుంటూరు: జనవరిలో అయితే సగం ఖాళీయే. కానివ్వండి.