గ్రామప్రియ పెట్ట తోలుగుడ్లు పెట్టి కాళ్లు పడేసింది: కాల్షియమా, మారెక్సా?

గోదారి పెరడు:
గ్రామప్రియ పెట్ట, వయసు 14 నెలలు. మొన్నటిదాకా గుడ్లు బాగానే పెట్టింది. తర్వాత పెంకు పలచబడుతూ వచ్చి, రెండు మూడు తోలుగుడ్లు పెట్టి, ఇప్పుడు పూర్తిగా ఆపేసింది. నిన్నటి నుంచి నిలబడట్లేదు. మడమల మీద కూర్చుని, రెక్కలు ఊతం చేసుకుని జరుగుతోంది. మేత తింటోంది, నీళ్లు తాగుతోంది, మెడ వంకర లేదు, రెట్ట మామూలుగానే ఉంది. మేత నూకలు, తవుడు, మిగిలిన అన్నం, అప్పుడప్పుడు రాగులు. వానలని మూడు వారాలుగా వరండాలో, అడుగున ఇనుప జాలీ ఉన్న గూట్లోనే ఉంచాం. మిగతా కోళ్లు బాగున్నాయి. మందుల షాపులో యాంటీబయాటిక్ ఇచ్చారు. పక్కింటివాళ్లు సున్నపు తేట పట్టమంటున్నారు. ఏది చేయమంటారు?

కోళ్ల డాక్టరు కాదు, కాంపౌండరు:
రెండూ పక్కన పెట్టండి. ముందు లోపల గుడ్డు ఇరుక్కుందేమో చూడాలి. ఇరుక్కున్న గుడ్డు కాళ్లకు వెళ్లే నరాలను నొక్కుతుంది, అప్పుడూ కోడి ఇలాగే చతికిలబడుతుంది.

రొమ్ము ఎముక చివరికీ, తోక కింద పక్కపక్కనే తగిలే రెండు సన్నటి ఎముకలకూ మధ్య పొట్టను మెల్లగా తడమండి. తెలియకపోతే గోళ్లు కత్తిరించుకుని, గ్లౌజు వేసుకుని, వేలికి కొబ్బరినూనె రాసి వెనక దారిలో నెమ్మదిగా రెండంగుళాల లోపే పెట్టి చూడండి. పెంకున్న గుడ్డయితే గట్టిగా తగులుతుంది. తోలుగుడ్డయితే నీళ్లు నింపిన బుడగలా మెత్తగా ఉంటుంది, చాలామంది దీన్ని పోల్చుకోలేరు.

గుడ్డు ఉంటే 40 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో పొట్ట మునిగేలా 15-20 నిమిషాలు కూర్చోబెట్టండి. తడి పూర్తిగా ఆరేలా తుడిచి, దారి చుట్టూ నూనె రాసి, వెచ్చగా చీకటిగా ఉన్న అట్టపెట్టెలో వదిలేయండి. గంటో రెండు గంటలో ఆగి మళ్లీ ఒకసారి. పొట్ట పిసికి గుడ్డు తోయొద్దు, లోపల పగలగొట్టొద్దు. పగిలిన పెంకు లోపల గీరుకుంటే చీము పడుతుంది. ముక్కుతూ ఉండి తల మీది ఎర్ర జుట్టు నల్లబడుతుంటే ఇక ఇంట్లో ప్రయోగాలు వద్దు, పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేయండి. కాల్షియం గ్లూకోనేట్ ఇంజెక్షన్ డాక్టరే వేయాలి. గుడ్డు సంచిని బిగించి గుడ్డును నెట్టే హార్మోన్ ఇంజెక్షన్, ఆక్సిటోసిన్ మాత్రం ఎవరు చెప్పినా మీరు వేయకండి. దారి మూసుకుని ఉండగా అది పడితే గుడ్డు సంచి చిరిగిపోవచ్చు.

పాదాలు కూడా తిప్పి చూడండి. అరికాల్లో నల్లటి పెచ్చు కట్టి వాపుంటే అది జాలీ గుచ్చుకుని చీము పట్టిన పుండు, దాని వైద్యం వేరు.

గోదారి పెరడు:
చూశానండీ. గుడ్డు లేదు, తోలుగుడ్డు కూడా తగల్లేదు. పాదాలు శుభ్రంగా ఉన్నాయి. కాలి వేలు గిల్లితే వెనక్కి లాక్కుంటోంది. రొమ్ము ఎముక మాత్రం కొంచెం వంకరగా, నొక్కితే వంగుతున్నట్టు ఉంది.

లేయర్ లెక్కలు:
ఆ రొమ్ము ఎముకలోనే జవాబుంది. గుడ్లు ఆగడం, కాళ్లు పడిపోవడం రెండు జబ్బులు కావు. ఒక్కటే, కాల్షియం లోటు.

ఒక్కో పెంకుకి 2 గ్రాములకు పైగా కాల్షియం పోతుంది. తిన్నదంతా ఒంటికి పట్టదు కాబట్టి గుడ్లు పెట్టే కోడికి రోజుకు 4 గ్రాముల దాకా కావాలి. మీ మేతలో ఎంతుంది? నూకల్లో దాదాపు లేనట్టే. తవుడులో ఫాస్ఫరస్ బాగా ఉన్నా అది కోడికి సరిగా అందని రూపంలో ఉంటుంది, పైగా కాల్షియాన్నీ కొంత పట్టేస్తుంది. రాగుల మీద అందరికీ నమ్మకం. 100 గ్రాముల రాగుల్లో ఉండేది మూడో వంతు గ్రాము మాత్రమే. మిగిలిన లోటంతా కోడి తన ఎముకల నుంచి తీసి పెంకు కడుతుంది. గ్రామప్రియ రాజేంద్రనగర్‌లో గుడ్ల కోసం రూపొందించిన రకం. నాటుకోడిలా నాలుగు గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చోదు, పెడుతూనే ఉంటుంది. దానికి నాటుకోడి మేత వేస్తే ఇదే జరుగుతుంది. మీరు ఎండ కూడా ఆపేశారు, దాంతో విటమిన్ డి3 తగ్గి, తిన్న కాస్త కాల్షియం కూడా పట్టలేదు.

వేలు లాక్కుంటోందంటే నరం బతికే ఉంది, మంచి గుర్తు. ఎముకలు పలచబడి వెన్ను విరిగిన కోడి అయితే లాక్కోదు, దానికి ఆశ తక్కువ.

ఇప్పుడు చేయాల్సింది: 500 మి.గ్రా. కాల్షియం, డి3 కలిసిన మామూలు మాత్ర ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి, నాలుగైదు రోజులు. ముక్కలు చేసి మేత ముద్దలో పెట్టండి. ద్రవం పోస్తే ముక్కు పక్క నుంచి చుక్క చుక్కగా పోయాలి, గబుక్కున పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి చస్తుంది. జాలీ గూట్లోంచి తీసి, నాలుగంగుళాల వరిపొట్టు పరిచిన చోట పెట్టండి. దూలం ఎక్కనివ్వొద్దు, ఆ ఎముకలతో దూకితే విరుగుతాయి. మేత, నీళ్లు కూర్చున్నచోటే ముక్కుకి అందాలి. పూటకోసారి కోడిని ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మార్చండి, లేకపోతే రొమ్ము కింద ఒరుసుకుని పుండు పడుతుంది. మిగతావి పొడవకుండా విడిగా, కానీ వాటికి కనబడేలా ఉంచండి.

నాటు_గూడు:
పై మాటకు ఒకటి కలుపుతాను. ఎముకలు కోలుకునేదాకా గుడ్డు పెట్టకుండా ఆపడమే అసలు వైద్యం. వెలుతురు తగ్గితే గుడ్లు ఆగుతాయి. పొద్దున ఎండలో రెండు మూడు గంటలు, తర్వాత నీడ, మధ్యాహ్నం 3 దాటాక చీకటి గది. రోజుకు 8 గంటల వెలుతురు మించనివ్వొద్దు. వరండాలో రాత్రి లైటు వెలుగుతుంటే ముందు అది ఆర్పండి.

సున్నపు తేట సంగతి. తేరిన నీళ్లలో సున్నం కరిగేదే చాలా తక్కువ, లీటరుకు గ్రాము కాల్షియం కూడా రాదు. కోడి తాగేది రోజుకు పావు లీటరు. చిక్కగా కలిపితే నోరు, మేత సంచి కాలుతాయి. లాభం లేదు.

కాళ్లు పడేసే వైరస్ జబ్బు మారెక్స్ అనుమానం ఎవరికైనా వస్తుంది. కానీ అది ఎక్కువగా రెండు నుంచి ఐదు నెలల పిల్లల్లో, ఒక కాలు ముందుకీ ఒకటి వెనక్కీ చాపి పడిపోవడంగా కనిపిస్తుంది. కొక్కెర తెగులైతే (రాణీఖేత్) పచ్చ రెట్ట, మెడ తిరగడం, పక్క కోళ్లకూ అంటుకోవడం ఉండేవి. యాంటీబయాటిక్ ఎముకను గట్టిపరచదు, పైగా కొన్నాళ్లు గుడ్లు పారేయాల్సి వస్తుంది. నొప్పికని డైక్లోఫెనాక్ ముక్క వేయడం ఇంకా ప్రమాదం, పక్షుల మూత్రపిండాలు పాడవుతాయి. ఆ మందు వేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు చస్తున్నాయనే 2006లో మన దేశంలో దాని పశువైద్య వాడకాన్ని నిషేధించారు.

గోదారి పెరడు:
అర్థమైందండీ. లేచాక మేత ఏం వేయాలి? లేయర్ (గుడ్ల కోళ్ల) దాణా మా ఊళ్లో బస్తాల లెక్కనే అమ్ముతున్నారు, రెండు పుంజులు, పిల్లలు కూడా ఉన్నాయి.

లేయర్ లెక్కలు:
ఇంట్లోనే 10 కిలోలు కలుపుకోవచ్చు: మొక్కజొన్న రవ్వ 5.5 కిలోలు, సోయా చెక్క 2.2, నూనె తీసిన తవుడు 1.3, సున్నపురాయి రవ్వ లేదా ఆల్చిప్ప గుల్ల 850 గ్రాములు, డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్) 150 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు, పాకెట్టు మీద రాసినంత లేయర్ ప్రీమిక్స్ (విటమిన్లు, ఖనిజాల పొడి). ప్రొటీన్ 16 శాతం దాటుతుంది, కాల్షియం 3.5 దాకా వస్తుంది. ఒక్కో పెట్టకు రోజుకు 110-120 గ్రాములు చాలు. సోయా చెక్కకు బూజు వాసన వస్తే కొనకండి.

పుంజులు, పిల్లలు కలిసి తింటాయన్నారు కాబట్టి మీకు పనికొచ్చేది వేరే పద్ధతి. ఎదిగే పిల్లలకు ఇంత కాల్షియం పడితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. అందుకని దాణాలో గుల్ల, సున్నపురాయి కలపకుండా, గుల్లను వేరే గిన్నెలో పెట్టండి. గుడ్లు పెట్టే పెట్ట తనకు కావలసినంత ఏరుకుంటుంది, మిగతావి పెద్దగా ముట్టుకోవు. గుల్ల పొడిగా కాకుండా 2-4 మి.మీ. పలుకులుగా ఉండాలి. పెంకు కట్టడానికి 20 గంటలు పడుతుంది, అందులో ఎక్కువ భాగం రాత్రే. పలుకులు కందనకాయలో నిలిచి రాత్రంతా కొద్దికొద్దిగా కరుగుతాయి. పొడి అంతసేపు నిలవదు. సాయంత్రం 4 దాటాక గిన్నె నిండుగా ఉందో లేదో చూసుకోండి. గుల్ల దొరక్కపోతే ఇంట్లో గుడ్డు పెంకులు కడిగి, పది నిమిషాలు పెనం మీద వేయించి, చేత్తో నలపండి. ఒక పెంకులో 2 గ్రాముల కాల్షియం ఉంటుంది.