స్టాటిన్‌తో వచ్చే కండరాల నొప్పులు: మందు వల్లా, భయం వల్లా?

లెక్కలరాయుడు:
కొలెస్ట్రాల్‌కి స్టాటిన్ మొదలుపెట్టగానే పిక్కలు లాగేస్తున్నాయని మానేసేవాళ్లను చాలామందిని చూస్తున్నాను. వాళ్లకి 2020లో వచ్చిన శాంసన్ పరిశోధన గురించి చెప్పాలి. దుష్ప్రభావాలు భరించలేక స్టాటిన్ మానేసిన 60 మందిని తీసుకున్నారు. ఏడాదిలో నాలుగు నెలలు అటోర్వాస్టాటిన్, నాలుగు నెలలు చూడ్డానికి అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర, నాలుగు నెలలు ఖాళీ సీసా, వరస కలిపేసి ఇచ్చారు. బాధ ఎంతుందో నూటికి మార్కులు వేయమన్నారు. సగటున ఖాళీ సీసాకి 8, ఉత్తుత్తి మాత్రకి 15.4, అసలు మాత్రకి 16.3. అంటే 90 శాతం భయమే. దానికోసం గుండెను పణంగా పెడతామా?

సుభద్ర:
అరవై మందేనా? అరవై మందిని చూసి అందరిదీ భయమేనని తేల్చేశారా? నేను మెట్లు దిగాలంటే రెయిలింగ్ రెండు చేతులా పట్టుకుని, పక్కకి తిరిగి ఒక్కో మెట్టూ దిగేదాన్ని. డాక్టర్ గారు ఒక్క రక్తపరీక్ష కూడా రాయకుండా చీటీ మీద ‘యాంగ్జైటీ’ అని రాసి పంపేశారు.

నీలిగోరింట:
మా ఇంట్లోనూ ఇదే గొడవ. డోసు తగ్గించాక సర్దుకుంది.

లెక్కలరాయుడు:
60 చాలదా? 2022లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో 19 ట్రయల్స్ కలిపి చూశారు, దాదాపు 1,24,000 మంది. కండరాల బాధలు స్టాటిన్ వాడినవాళ్లలో 27.1 శాతం, ఉత్తుత్తి మాత్ర వాళ్లలో 26.6. ఇంకేం కావాలండీ?

సుభద్ర:
ఆ 19లో ఉన్న హార్ట్ ప్రొటెక్షన్ స్టడీ లాంటి వాటిలో ముందు కొన్ని వారాలు అందరికీ స్టాటిన్ ఇచ్చి చూసి, ఆ తర్వాతే అసలు ట్రయల్ మొదలుపెట్టారు. పడనివాళ్లు గుమ్మం దగ్గరే ఆగిపోతే, లోపలున్న వాళ్లందరికీ బాగానే పడుతుంది మరి.

లెక్కలరాయుడు:
అందుకేగా శాంసన్ వాళ్లు మానేసినవాళ్లనే తీసుకున్నది! మళ్లీ మొదటికే వస్తారేంటి? మా అన్నయ్య వాట్సాప్‌లో ఇలాంటి మాటలే చదివి మాత్ర ఆపేశాడు. ఏడాది తిరక్కుండా గుండెపోటు. మీలాంటి వాళ్ల పోస్టులకి ఖరీదు మాలాంటి ఇళ్లు కడుతున్నాయి.

సుభద్ర:
మీ అన్నయ్య గారి విషయం వింటే బాధగా ఉంది. కానీ ఆ నింద నామీద వేయకండి, నేనెవర్నీ మానేయమనలేదు. తర్వాత వేరే డాక్టర్ థైరాయిడ్ పరీక్ష రాస్తే అసలు సంగతి బయటపడింది. అది తక్కువైతే కండరాలూ పట్టేస్తాయి, కొలెస్ట్రాలూ పెరుగుతుంది.

లెక్కలరాయుడు:
చూశారా, స్టాటిన్ కాదని మీరే అంటున్నారు!

సుభద్ర:
స్టాటిన్ అని నేనెప్పుడన్నాను? భయం కాదన్నాను. మీ 15.4 మార్కులు వేసినవాళ్లకి కూడా నిజంగానే నొప్పి పుట్టింది, మాత్ర ఉత్తుత్తిదైనా నొప్పి ఉత్తుత్తిది కాదు. ‘భయమే’ అని మీరు తేల్చిన చోటే నా డాక్టరూ ఆగిపోయాడు. కాలు పట్టుకుని చూసినవాళ్లు లేరు.

వార్డు_సిస్టర్:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నొప్పి వేరు, బలహీనత వేరు. కుర్చీలోంచి లేవలేకపోవడం, తల దువ్వుకోవడానికి చెయ్యి పైకి లేవకపోవడం, సీకే (కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) వేలల్లో ఉండటం ఉంటే యాంటీ హెచ్‌ఎంజీసీఆర్ యాంటీబాడీ పరీక్ష చేయించాలి. మన ఇమ్యూనిటీయే కండరాల మీద దాడి చేసే జబ్బు ఉందేమో దాంట్లో తెలుస్తుంది. స్టాటిన్ వాడే లక్షమందిలో రెండు మూడు కేసులే, కానీ స్టాటిన్ ఆపినా ఆ జబ్బు ఆగదు. చాలామందికి ఇమ్యూనిటీని అణిచే మందులు వాడాల్సి వస్తుంది. ఇక స్టాటిన్ పడనివాళ్ల కోసం బెంపెడోయిక్ యాసిడ్ అనే కొలెస్ట్రాల్ మందు ఉంది. కండరాల్లో దాన్ని పనిచేయించే ఎంజైమ్ లేదు. 2023 ట్రయల్‌లో సుమారు 14,000 మందిలో గుండె సమస్యలు 13 శాతం తగ్గాయి.

లెక్కలరాయుడు:
పరీక్షలు చేయాలంటే నేనూ సరే అంటాను. ఉట్టి నొప్పికి మాత్రం డాక్టర్ని అడక్కుండా మాత్ర ఆపకూడదు. అక్కడ వెనక్కి తగ్గను.

సుభద్ర:
అడిగాను కదండీ. అడిగితే యాంగ్జైటీ అన్నారు. మీ అన్నయ్య గారు వాట్సాప్ మాట విన్నారంటున్నారు, అంతకుముందు డాక్టర్ దగ్గర ఆయన మాట ఎవరైనా విన్నారా?